గేటుకు కట్టిన వేపమండ

ఆడి నెల, అంటే తమిళుల ఆషాఢం, వచ్చిందంటే గాలి విరుదునగర్‌లో ఒక చోట నిలవదు. బైపాసు రోడ్డు మీది దుమ్మునంతా ఎత్తుకొచ్చి కల్యాణమంటపం తోటలో పోస్తుంది. తోటలో రాలిన ఆకులన్నీ ఎత్తుకుపోయి రోడ్డు మీద పోస్తుంది. పుష్పం ఆ గాలి వెనకాలే చీపురు పట్టుకుని తిరుగుతూ ఉండేది. ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చేది. ఎండుటాకు కనబడితే చాలు, ఆమెకు గుండె దడ. కోవిల్‌పట్టికి కాపురానికి వచ్చిన నాటినుంచీ అగ్గిపెట్టెల కంపెనీలో పనిచేసిన మనిషి. రోడ్డున పోయేవాడెవడో ఆర్పని బీడీ ఒకటి గోడ మీంచి విసిరితే ఎండుగడ్డి ఎట్లా అంటుకుంటుందో, ఆ మంట గోడ వారగా పాకి వెనక గది తలుపు దగ్గర ఎట్లా నిలబడుతుందో, జరక్కముందే ఆమె కళ్ళకు కట్టినట్టు కనబడేది. ఆ వెనక గదిలో ఆమె కూతురు కార్తీశ్వరి పడుకుని ఉంది. లేవకూడదు.

తోట పని నిజానికి కార్తీశ్వరిదే. మంటపంవాళ్ళు ఇచ్చిన గది కూడా ఆ పనికోసమే. మొగుడు ఉదయకుమార్ అగ్గిపెట్టెల లోడు వేసుకుని ఉత్తరాదికి లారీ తోలుతాడు, ఎప్పుడొస్తాడో వాడికే తెలియదు. అంతకుముందు రెండుసార్లు కార్తీశ్వరికి కడుపు నిలవలేదు. మూడోసారి నిలిచింది, నిలిచిందనుకునేలోపల డాక్టరమ్మ గర్భసంచికి కుట్టు వేసి, మంచం కాళ్ళవైపు ఇటుకలు పెట్టి ఎత్తు చేయించి, దొడ్డికి పోవడానికి తప్ప అడుగు కిందపెట్టొద్దని చెప్పింది. కోవిల్‌పట్టికి తీసుకుపోతామని పుష్పం అడిగితే, బస్సయినా కారయినా ఆ రోడ్డు మీద కుదుపులకి తను పూచీ కాదని కూడా చెప్పింది. దాంతో పుష్పమే కంపెనీకి సెలవు పెట్టి ఇక్కడికి వచ్చేసింది. మంటపం యజమానురాలు సుబ్బులక్ష్మమ్మ మంచిదే. తోట పచ్చగా ఉన్నంతవరకు నీళ్ళు కూతురు పోసినా తల్లి పోసినా తనకు ఒకటేనంది. ఆడి పోయి ఆవణి పుడితే మొదటి ముహూర్తానికి పెళ్ళివాళ్ళు దిగుతారు, అప్పటికి గడ్డి కళకళలాడాలి, లేకపోతే మధురైలో మంటపాలవాళ్ళు చేసినట్టు ప్లాస్టిక్ గడ్డి పరిపించేస్తానని కూడా అంది.

పుష్పానికి ప్లాస్టిక్ గడ్డి భయం పెద్దది కాదు. అసలు భయం వేరే. కార్తీశ్వరి మంచం మీద పడుకుందే గాని, చెవులు మాత్రం తోటలోనే ఉన్నాయి. ట్యూబు చప్పుడును బట్టే, నీళ్ళు క్రోటన్ల మొదట్లో పడుతున్నాయా ఆకుల మీద పడుతున్నాయా చెప్పేది. ఏదైనా తేడా వినబడితే ఒక కాలు మంచం దిగేది. గడ్డి బాగుంటే పిల్ల పడుకుంటుంది, గడ్డి వాడితే పిల్ల లేస్తుంది, పిల్ల లేస్తే కడుపు. పుష్పం మనసులో ఈ మూడూ ఒకే దారానికి గుచ్చుకుపోయాయి.

ఆమె పుట్టింది నాగలాపురం పక్కన, నల్లరేగడిలో. అక్కడ వానచుక్క పడితే అది సజ్జకీ పత్తికీ. మేక కూడా నోరు పెట్టని గడ్డికి ట్యాంకరు లారీలో నీళ్ళు తెప్పించి పోయడం చూసి, వచ్చిన కొత్తలో ఆమెకు ఏదో పాపం చేస్తున్నట్టు ఉండేది. తర్వాత చెయ్యి అలవాటు పడింది. క్రోటన్ ఆకుల మీది దుమ్ము తడిగుడ్డతో తుడిచేది. టేబుల్ రోజాల్లో వాడినవి గిల్లేసేది. గేటు దగ్గర కంచెమొక్కని కార్తీశ్వరి నెమలిలాగా కత్తిరించి పెంచింది, దాని మెడ సన్నగా ఉంటుంది, తోక నేలదాకా విప్పుకుని ఉంటుంది. గాలి గట్టిగా వీస్తే ఆ మెడ విరుగుతుందని పుష్పం దానికి ఒక కర్ర నిలబెట్టి పాతచీర పేలికతో కట్టింది. కార్తీశ్వరికి చెప్తే, నెమలికి మఫ్లరు కట్టినావా అని నవ్వింది.

ఆడిలో పెళ్ళిళ్ళు లేకపోయినా తోటకి జనం తప్పలేదు. ఆవణిలో పెళ్ళి కుదిరిన జంటలు ఫోటోలకి వచ్చేవాళ్ళు. కెమెరావాళ్ళు గడ్డిలో స్టాండ్లు గుచ్చేవాళ్ళు, కుండీలు అటువి ఇటు ఇటువి అటు జరిపేవాళ్ళు, పిల్లని నెమలి తోక మీదికి వాలమనేవాళ్ళు. ఒకరోజు పుష్పం వంటింట్లో ఉండగా బయట కుండీ ఒకటి పగిలిన చప్పుడయింది. ఆమె చెయ్యి కడుక్కుని వచ్చేసరికి కార్తీశ్వరి ఉత్త కాళ్ళతో తోట మధ్యలో ఉంది. ఒక చెయ్యి పొత్తికడుపు కింద పెట్టుకుని, వంగి, రెండో చేత్తో మట్టిగడ్డతో సహా క్రోటన్ని ఎత్తుతోంది. పుష్పం పరిగెత్తింది. ఆమెను పొదివి పట్టుకుని తీసుకొచ్చి పడుకోబెట్టాక, కొంచెం నడుం లాగుతున్నట్టుందని కార్తీశ్వరి అంది. అంతే, ఆ పూటంతా పుష్పం మంచం దిగువన కూర్చుని, లాగడం తగ్గిందా తగ్గిందా అని అడిగి అడిగి, చివరికి ఆ పిల్ల తగ్గకపోయినా తగ్గిందని చెప్పేట్టు చేసింది.

తగ్గింది, నిజంగానే. కాని మర్నాడు పొద్దున్నే కార్తీశ్వరి గోడవైపు తిరిగి పడుకుని ఒక మాట అంది.

"రేపింకో జంట వస్తారంట. నెమలి దగ్గర స్టాండు పెట్టొద్దని గట్టిగా చెప్పు మా. నీ నోట రాకపోతే నేనే వచ్చి చెప్తా."

పుష్పం మంటపం ఆఫీసుకి ఫోను చేసి, కొన్నాళ్ళు ఫోటోలవాళ్ళని పంపొద్దని బతిమాలింది. ఒప్పుకున్నాక ఎట్లా కాదంటామని వాళ్ళు పెట్టేశారు. ఆమె గేటు దగ్గర నిలబడి కాసేపు రోడ్డు అటువైపు చూసింది. అక్కడొక వేపచెట్టు ఉంది. ఆడి గాలికి ఊగుతూ, ఎండలోనూ లేతగా మెరుస్తూ.

ఆ ప్రాంతంలో ఎవరింట్లోనైనా ఆటలమ్మ వస్తే, అంటే అమ్మవారు పోస్తే, వాకిట్లో వేపమండ కడతారు. కట్టాక ఇక ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. పరాయివాళ్ళు గడప తొక్కరు, ఎవరికని అడగరు, ఆ ఇంటి ముందునుంచి పోయేటప్పుడు గొంతు తగ్గించుకుంటారు. జబ్బుపడ్డ మనిషి తలకు మూడుసార్లు నీళ్ళు పోసి అమ్మవారిని సాగనంపేదాకా ఆ మండ విప్పరు. ఇదంతా పుష్పానికి మొదట్నుంచి చివరిదాకా తెలుసు. తెలిసే వెళ్ళి రెండు కొమ్మలు విరుచుకొచ్చి, గేటు స్తంభాలకు చెరొకటి కట్టింది. నోటితో ఒక్క అబద్ధం కూడా ఆడలేదు కదా అని తనకు తానే చెప్పుకుంది.

జంట వచ్చింది. కారు గేటు దగ్గర ఆగింది, ముందు సీటులో ఉన్న పెద్దావిడ మండ చూసి రెండు చెంపలూ వేసుకుంది, కారు వెనక్కి వెళ్ళిపోయింది. నెమలి చాటునుంచి పుష్పం చూస్తూనే ఉంది. ఆ పూట కార్తీశ్వరి హాయిగా నిద్రపోయింది. పుష్పం చాన్నాళ్ళకి కడుపునిండా తింది. కూతురికి బలమని కోడిగుడ్డు పులుసు పెట్టి, పైన ఇంగువ తాళింపు కూడా వేసింది.

చెయ్యి కడుక్కుంటూ ఉండగా కొత్త భయం పుట్టింది. రాని అమ్మవారిని వచ్చిందన్నాను. ఇప్పుడు నిజంగా వస్తే? వస్తే ఎవరి మీదికి వస్తుంది? అప్పటినుంచి ఆమె కూతురి చేతులు, మెడ, చెవుల వెనక తిప్పి తిప్పి చూడడం మొదలుపెట్టింది. చెమటపొక్కు కనబడితే చాలు, దాని పక్కన ఇంకోటి లేస్తుందా అని గంటకోసారి వచ్చి చూసేది.

"సంతలో కోడిని చూసినట్టు చూస్తాండావే" అంది కార్తీశ్వరి. "తూకం కూడా వేస్తావా?"

వేడి ఏమైనా ఉందేమోనని చూస్తున్నానంది పుష్పం. ఆడి నెలలో వేడి లేనిదెక్కడో చెప్పమంది కూతురు.

మర్నాడు నీళ్ళ బండి రావాలి. మంటపంలో బోరు ఉంది గాని ఆ నీళ్ళు ఉప్పు. కడుక్కోవడానికి తప్ప పనికిరావు, మొక్కకు పోస్తే ఆకు అంచులు కాలిపోతాయి. తోటకంతా పాలసామి ట్యాంకరే ఆధారం. అతను కూడా నాగలాపురంవైపు తెలుగువాడే, అందుకే పుష్పాన్ని అక్కా అని పిలుస్తాడు. పొద్దున బండి చప్పుడు వినబడింది. గేటు దగ్గర ఆగింది. హారను మోగలేదు. కొంచెంసేపటికి ఆ చప్పుడు దూరమైపోయింది.

బండి వచ్చి పోయినట్టుందే అని కార్తీశ్వరి లోపల్నుంచి అడిగింది. అది ఎవరి బండో అని పుష్పం అంది. మంటపం వెనక్కి పోయి పాలసామికి ఫోను చేసింది. అతను చాలా మెల్లగా, మర్యాదగా మాట్లాడాడు. అమ్మవారున్న చోటికి బండి తోలుకు రాకూడదన్నాడు. తనకూ ఇంట్లో చిన్నపిల్లలున్నారన్నాడు. మూడో నీళ్ళు పోశాక ఒక మాట చెప్తే పరిగెత్తుకొస్తానన్నాడు. ఎవరికి వచ్చిందని మాత్రం అడగలేదు. అడిగి ఉంటే పుష్పం నిజం చెప్పేసేదేమో. అడగలేదు కాబట్టి ఆమె సరేనని పెట్టేసింది. మనుషులు రాకుండా కట్టిన మండ నీళ్ళనూ ఆపేసిందని ఆమెకు అప్పుడు తెలిసింది.

గడ్డికి దాహమైతే ముందు రంగు మారదు. తొక్కిన అడుగు లేవదు. పుష్పం పొద్దున నడిచిన అడుగులు మధ్యాహ్నానికి కూడా అట్లాగే ఉండిపోయాయి, గేటు నుంచి నెమలిదాకా, నెమలి నుంచి గదిదాకా, ఆమె తిరుగుడంతా ఎవరో బొమ్మ గీసి పెట్టినట్టు. మర్నాటికి గేటువైపు గడ్డి పాలిపోయింది. వీధి కుళాయిలో వచ్చిన కాసిని నీళ్ళు బిందెలతో మోసుకొచ్చి క్రోటన్లకు సగం, నెమలి మొదట్లో సగం పోసింది. గడ్డికి ఏమీ మిగల్లేదు. మండ విప్పేద్దామని గేటు దగ్గరికి రెండుసార్లు పోయింది. నీళ్ళు పోయకుండా విప్పితే అమ్మవారిని మెడ పట్టి గెంటినట్టే. ఆ కోపం ఎక్కడ చూపిస్తుందోనని తలుచుకునేసరికి ముడి మీది చెయ్యి తనంతట తానే వెనక్కి వచ్చేసింది.

ట్యూబు చప్పుడు లేదేమని కార్తీశ్వరి అడుగుతుందని భయం. అందుకని సాయంత్రం బోరు కుళాయికి ట్యూబు తగిలించి, ఆ ఉప్పునీళ్ళని కాసేపు సిమెంటు బాట మీద వదిలింది. నీళ్ళు పారి మురుగులోకి పోయాయి. చప్పుడు మాత్రం గదిలోకి పోయింది. కార్తీశ్వరి ఏమీ అడగలేదు. అడగకపోవడం కూడా పుష్పానికి భయంగానే ఉంది.

ఆ మర్నాడు సుబ్బులక్ష్మమ్మ ఫోను చేసింది. కారులో వెనక్కి పోయిన పెద్దావిడ నోటినుంచి సంగతి ఆమెదాకా పోయింది. కాపలావాడికో వంటవాడికో అమ్మవారు పోసిందని ఆమె అనుకుంది. కడుపుతో ఉన్న పిల్లని అటువంటి చోట ఉంచుకోవడానికి బుద్ధి ఉందా అని పుష్పాన్ని కోప్పడింది. ఆ కోపంలో ప్రేమే ఉంది. తన కారు పంపుతున్నాననీ, డ్రైవరు అప్పుడే బయల్దేరుతున్నాడనీ, పిల్లని వెనక సీట్లో పడుకోబెట్టి తిన్నగా కోవిల్‌పట్టి తీసుకుపొమ్మనీ చెప్పింది.

పుష్పం ఆ పాలిపోయిన గడ్డి మీదే కూర్చుండిపోయింది. కుట్టు వేసిన పిల్ల. దారిలో సాత్తూరు దాకా ఆ స్పీడుబ్రేకర్లు. తను దేనికి భయపడి కట్టిందో, ఆ వేపమండే దాన్ని కారులో పిలుచుకొస్తోంది.

"అమ్మా, కారు వద్దమ్మా. ఇక్కడ ఎవరికీ ఏమీ రాలేదు" అంది.

"రాకపోతే గేటుకి అదేంది?"

"నేనే కట్టినాను. ఫోటోలవాళ్ళు రాకూడదని. పిల్ల లేచి లేచి వస్తాంది."

ఈ సాయంత్రానికి గది ఖాళీ చెయ్యమంటుంది, మంచం ఎట్లా మోయించేది, ఇటుకలతో సహా ఎవరు తీసుకుపోనిస్తారు అని పుష్పం అప్పుడే లెక్కలు వేసుకుంటోంది. సుబ్బులక్ష్మమ్మ అడిగింది వేరు. తలస్నానం చేసే కట్టావా అని అడిగింది. లేదంది పుష్పం. తర్వాత ఇంట్లో నీచు వండావా అని అడిగింది. కోడిగుడ్డు అని చెప్పింది పుష్పం, దాచుకునే శక్తి లేక.

"తాళింపు కూడా వేసినావా?"

"వేసినా అమ్మా."

అమ్మవారున్న ఇంట్లో మూకుట్లో తాళింపు చిటపటమనకూడదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

చివరికి సుబ్బులక్ష్మమ్మ కారు ఆపిస్తానంది. ఈ మాట తమ ఇద్దరి మధ్యే ఉండనిమ్మంది. అయితే ఊరికే విప్పేస్తే మాత్రం ఒప్పుకోనంది. వచ్చినా రాకపోయినా, పేరు పెట్టి గేటు దగ్గర నిలబెట్టావు కాబట్టి నీళ్ళు పోసి పంపించాల్సిందేనంది. ఎవరి తలకు పొయ్యాలమ్మా అని పుష్పం అడిగింది. కట్టినదానివి నువ్వే కదా, నువ్వే ఆలోచించు అని ఆమె ఫోను పెట్టేసింది.

"అమ్మా, ఇట్లా రా" అని గదిలోంచి పిలుపు. కిటికీ తెరిచే ఉంది.

పుష్పం వెళ్ళేసరికి కార్తీశ్వరి వెల్లకిలా పడుకుని, రెండు చేతులూ పొత్తికడుపు మీద గట్టిగా అదిమిపెట్టుకుని ఉంది. పుష్పానికి ప్రాణం పోయినంత పనైంది. దగ్గరికి పోయి చూస్తే ఆ పిల్ల నవ్వుతోంది. నవ్వుకి కడుపు కదలకుండా పట్టుకుంది.

"నవ్వొద్దే తల్లీ, కుట్టు" అంది పుష్పం.

"తాళింపు కూడానా మా" అంటూ కార్తీశ్వరి కళ్ళు తుడుచుకుంది. నవ్వు పూర్తిగా పోయాక అంది. "నీళ్ళు సిమెంటు మీద పడేదీ గడ్డి మీద పడేదీ నాకు తెలీదనుకుంటివా?"

తెలిసీ ఎందుకు అడగలేదని పుష్పం అడిగింది.

"అడిగితే లేవాల. కుండీ పగిలిన రోజు లేచినా కదా, నడుం లాగింది కదా, అప్పుడే అనుకున్నా. పోయిన రెండుసార్లూ ఇట్లానే లేస్తా ఉంటి. ఈసారి గడ్డి చస్తే చావనీ, నేను మాత్రం లేవను. ప్లాస్టిక్ గడ్డి వేస్తే వేయనీ. దాన్ని తుడవడానికైనా మనిషి కావాల కదా."

ఇన్నాళ్ళూ పుష్పం కాపలా కాసింది ఎవరినో, ఆ మనిషి ఎప్పుడో తనంతట తానే పడుకుని ఉంది. అయినా మనసు ఊరుకోలేదు. అమ్మవారి సంగతి ఏం చేయాలి, తల ఎక్కడనుంచి తెచ్చేది అని మళ్ళీ మొదలుపెట్టింది.

"నెమలికి ఉండాది కదా తల" అంది కార్తీశ్వరి. "దానికి పొయ్యి."

ఆటకన్నదో నిజానికన్నదో పుష్పానికి తెలియలేదు. అడగడానికి ధైర్యం చాలలేదు. మర్నాడు పొద్దున తలస్నానం చేసి, వీధి కుళాయి నీళ్ళు ఇత్తడి బిందెలో పట్టి, పసుపు కలిపి, వేపాకు దూసి వేసి ఎండలో పెట్టింది. నీళ్ళు గోరువెచ్చనయ్యేదాకా దాని చుట్టూనే తిరిగింది, కాకి మూతి పెడుతుందేమోనని. పాలసామికి మాత్రం మొదటి నీళ్ళు ఈరోజు పోస్తున్నామని ముందే ఫోనులో చెప్పింది. గడ్డి చచ్చిపోతోందని కూడా చెప్పి ఏడ్చింది.

నీళ్ళు వెచ్చబడ్డాక నెమలి మెడకి కట్టిన పాతచీర పేలిక విప్పింది. బుద్ధి గడ్డి తిని చేశాను తల్లీ, పిల్ల కోసం చేశాను, చల్లగా వచ్చావు, చల్లగానే పో అని గొణుగుతూ ఆ ఆకుల తల మీద చెంబుతో పోసింది. పచ్చటి నీళ్ళు మెడ మీంచి కారి తోకలోకి ఇంకిపోయాయి. తల ఎత్తి చూస్తే రోడ్డు అవతల ట్యాంకరు ఆగి ఉంది. పాలసామి కిందికి దిగి, చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని చూస్తున్నాడు. పొదకి తలంటు పోస్తున్న మనిషిని చూసి అతను ఏమనుకున్నాడో, ముఖంలో ఏమీ కనబడనివ్వలేదు.

"ఇంకా రెండు నీళ్ళుండాయి కదక్కా, అందాకా లోపలికి రాను" అన్నాడు గోడ దగ్గరికి వచ్చి. "నీళ్ళకేం, అవి గోడ దూకి వస్తాయి. నువ్వు ట్యూబు అందుకో."

బండిని గోడకి ఆనించి నిలిపి, లావు ట్యూబు కొసని గోడ మీంచి లోపలికి వేశాడు. పుష్పం దాన్ని లాక్కుని గడ్డి మధ్యలో పెట్టింది. నీళ్ళు ఒక్కసారి దగ్గి, బురదగా వచ్చి, తర్వాత తేటగా పారాయి. పాలిపోయిన గడ్డి మీద పడ్డ నీళ్ళది వేరే చప్పుడు, అది పుష్పానిక్కూడా ఇప్పుడు తెలుస్తోంది. పాత అడుగులన్నీ నీళ్ళలో మునిగిపోయాయి. ఎంత గడ్డి తేరుకుంటుందో, మొదటి ముహూర్తానికి ఎంత పచ్చగా కనబడుతుందో చెప్పలేం.

గదిలోంచి మాట లేదు. ఇన్ని నీళ్ళు పడుతుంటే కార్తీశ్వరి ఏదో ఒకటి అనాలి కదా, ఇటు పెట్టు, అటు పెట్టు అని. పుష్పం ట్యూబు వదిలేసి పరిగెత్తింది. కూతురు ఒక పక్కకి ఒత్తిగిల్లి, కళ్ళు మూసుకుని, కదలకుండా ఉంది. మెడ మీద చెమట. పుష్పం తడి వేలు ఆమె ముక్కు కింద పెట్టి, తన ఊపిరి బిగబట్టి నిలబడింది.

బయటినుంచి పాలసామి అరుస్తున్నాడు, ట్యూబు జారిపోయి నెమలివైపు తిరిగింది, మెడ విరుగుతుంది చూసుకో అక్కా అని.

"ఊపిరి ఉండాది లే మా" అంది కార్తీశ్వరి కళ్ళు తెరవకుండానే. "పో, ట్యూబు చూసుకో."

పుష్పం గడపదాకా పోయింది. అక్కడ ఆగి ఒకసారి వెనక్కి తిరిగి, ఆ పిల్ల ఛాతీ లేచి పడడం చూసింది. రెండు అడుగులు వేసి, సరిగ్గా చూశానో లేదోనని మళ్ళీ వెనక్కి వచ్చింది.